ఎనిమిది వేలలో అమ్మాయికి మొదటి గిటార్

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, ఐదున్నర శ్రుతిలో పాడుతుంది. ఇప్పుడు గిటార్ కావాలంటోంది. ఎనిమిది వేలకు మించి పెట్టలేం. ఆన్‌లైన్‌లో బ్యాగు, బెల్టు, పిక్కులతో కలిపి మూడు వేలకే చూపిస్తున్నారు. అది సరిపోతుందా? స్పీకర్‌కి కలుపుకునే రకం తీసుకోమంటారా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ఎనిమిది వేలూ గిటార్ మీదే పెట్టేయకండి. ఆరు, ఆరున్నర వేలలో గిటార్ చూసుకుని, మిగతాది సెటప్‌కీ (తీగల ఎత్తు సరిచేయించడానికి), కొత్త తీగలకీ, కేపోకీ (మెడ మీద తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే క్లిప్పుకి) ఉంచండి. నా దగ్గర మధ్యలో మానేసిన పిల్లల్లో ఎక్కువమంది సంగీతం రాక మానేసినవాళ్లు కాదు. తీగలు ఫ్రెట్లకు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలకు, మరీ ఎత్తులో ఉంటాయి. నొక్కీ నొక్కీ వేళ్లు మండిపోతాయి, ఒకే వేలితో పలు తీగలు కలిపి నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ అనే పట్టు దగ్గరకొచ్చేసరికి ఇక తమ వల్ల కాదనుకుంటారు. లోపం గిటార్‌లో ఉంటే పిల్ల తనకే చేతకాదనుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

అందుకే షాపుకి ఒక స్టీలు స్కేలు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ స్కేలుకి సున్నాకి ముందు కాస్త ఖాళీ ఉంటుంది, కొలత తేడా వస్తుంది. గిటార్ తల వైపు నుంచి లెక్కపెట్టి, పన్నెండో ఫ్రెట్ మీద స్కేలు నిలబెట్టి, అన్నిటికన్నా లావు తీగ అడుగు ఎంత ఎత్తులో ఉందో చూడండి. రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయిగా నొక్కవచ్చు. మూడు దాటితే సెటప్ చేయించాలి. నాలుగు దాకా ఉంటే మాత్రం ఇంకోటి చూపించమనండి.

తర్వాత అమ్మాయి చేతికివ్వండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే, ఖాళీ తీగను షడ్జమం అనుకున్నప్పుడు సరిగ్గా తారస్థాయి షడ్జమం పలకాలి. ఆరు తీగలకూ అలాగే చూడమనండి. శ్రుతి తెలిసిన పిల్ల కదా, తేడా ఉంటే షాపతని కన్నా ముందే పట్టేస్తుంది. మెడ అంచు వెంట వేలు జార్చి, ఫ్రెట్ చివర్లు గుచ్చుకుంటున్నాయేమో కూడా చూడాలి.

సెటప్ అంటే పెద్ద పనేం కాదు. మెడలోని ఇనప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, అలెన్ కీతో తిప్పి వంపు సరిచేస్తారు. బ్రిడ్జి మీద, అంటే పైచెక్క మీద తీగలు బిగించే చోట, ఉండే తెల్ల పట్టీని అడుగున అరగదీస్తారు. అక్కడ ఒక మిల్లీమీటరు తీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుంది. కొన్ని చవక గిటార్లలో ఆ కడ్డీయే ఉండదు, డబ్బు కట్టకముందే అడగండి. తీగలు పది గేజివి, అంటే సన్నవి, వేయించండి, లేత వేళ్లకు అవే నయం.

మూడు వేల సెట్టులో ఆ బ్యాగూ బెల్టూ కూడా మీ డబ్బులోవే కదా. అందులోనూ బాగున్నవి రావచ్చు కానీ, చేత్తో పట్టి చూడకుండా కొనడం నాకిష్టం లేదు. యమహా ఎఫ్ 280 లాంటిది ఎవరైనా వాడి అమ్ముతుంటే ఇదే స్కేలుతో కొలిచి నిశ్చింతగా తీసుకోండి. స్పీకర్‌కి కలిపే రకం ఇప్పుడు వద్దు, ఈ ధరలో ఆ వైర్లకు పోయే డబ్బు చెక్క పనిలో తగ్గిపోతుంది. ఈ బడ్జెట్‌లో పైచెక్క ప్లైవుడ్‌దే వస్తుంది, దానికేం దిగులు పడకండి. మన గోదావరి జిల్లాల తేమకు అదే బాగా తట్టుకుంటుంది.

కేపో మాత్రం తప్పకుండా కొనండి. ఐదున్నర శ్రుతి అంటే జి షార్ప్. కేపో మొదటి ఫ్రెట్‌లో బిగించి, మామూలు జి కార్డ్ పట్టుకుంటే చాలు, తన గొంతు మార్చుకోకుండానే పాడుకుంటూ వాయించుకోవచ్చు. స్ప్రింగు ఉన్న లోహపుది తీసుకోండి.