తల్లి చేతికి కత్తి ఇచ్చేస్తే అయిపోయిందా?

ప్రశ్న: మేడమ్, ఈమధ్య టీవీలో శ్రీదేవి ‘మామ్’ మళ్లీ చూశాను. కూతుర్ని పాడుచేసిన వాళ్ల మీద ఆవిడ ఒక్కొక్కరిగా పగ తీర్చుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కన కూర్చున్న మా అత్తగారు మాత్రం, ‘‘ఇంట్లో పిల్ల అలా ఉంటే వదిలేసి ఈవిడ ఊరంతా తిరుగుతుందేంటే?’’ అన్నారు. మీరు ఎవరి పక్షం?
– ఒక గృహిణి, రాజోలు

జవాబు: ప్రాణం లేచొచ్చిందంటే తప్పేం లేదమ్మా. నాకూ అంతే అయింది. ఆపిల్ గింజల పొడితో పగ తీర్చుకునే బయాలజీ టీచర్ మనకు రోజూ దొరకదు కదా. కానీ మీ అత్తగారి మాట తీసిపారేయకండి.

ఈ కథలకో అలవాటుంది. మొదటి సగంలో పిల్ల ఉంటుంది. ఘోరం జరుగుతుంది, కోర్టు కేసు కొట్టేస్తుంది, తల్లి కొంగు బిగిస్తుంది. అక్కణ్నుంచి కెమెరా తల్లి వెంటే. పిల్లకు రాత్రి నిద్ర పడుతోందా, మళ్లీ బడికి వెళ్లగలదా అన్నది ఎవరికీ పట్టదు. ‘మామ్’ వచ్చిన 2017లోనే విడుదలైన రవీనా టాండన్ ‘మాతృ’లోనైతే పిల్ల చనిపోతుంది, దర్శకుడికి ఆ బాధ కూడా లేదు. ‘మామ్’ కొంత నయం. అందులో శ్రీదేవి వేసిన దేవకి సవతి తల్లి, ఆ పిల్ల ఆమెను అమ్మగా ఒప్పుకోదు, ఒప్పుకునేసరికి సినిమా చివరికొస్తుంది. తల్లి అనిపించుకోవడానికి ఇంత పగ తీర్చుకోవాలా అని నాకు గుచ్చుకున్నది మాత్రం అక్కడే.

ఇంక కోర్టు సీను. బెంచి క్లర్కుగా చేసి రిటైరైనదాన్ని, నా కళ్లు అటే పోతాయి. సినిమాలో కేసు పది నిమిషాల్లో తేలిపోతుంది, తేలిపోవాలి కూడా. అన్ని తలుపులూ మూసుకుపోయాయని చూపిస్తే తప్ప హత్య చేసిన ఆడదాన్ని మనం మంచి తల్లి అనుకోం మరి. హీరో నరికితే ఇన్ని సంజాయిషీలు అడగం.

నేను చూసిన తల్లులకు తలుపు మూసుకుపోవడం కాదు, వాయిదా మీద వాయిదా. ఒకావిడ లంక నుంచి రేవు దాటి, ఆటో పట్టుకుని పదిన్నరకల్లా వరండాలో ఉండేది. పిలుపు వినబడదేమోనని గుమ్మం పక్కనే కూర్చునేది. కాగితాలన్నీ చీరల షాపు కవర్లో. టిఫిన్ బాక్సు తెచ్చుకునేది గానీ, తినడానికి లేచిన టైములోనే పిలుస్తారేమోనని మూత తీసేది కాదు. సాయంత్రం వాయిదా తారీఖు చెబితే నా పెన్నుతో అరచేతి మీద రాయించుకునేది. చీటీ రాసిస్తానంటే, ‘‘ఆయ్, చీటీ అయితే ఎక్కడో పడేసుకుంటానండి’’ అనేది. ఈ టెన్షన్‌ను సినిమాగా తీయడానికి ఏ దర్శకుడూ రాడు, ఫైటు పెట్టే చోటు లేదు కాబట్టి.

ఇంకో మాట. సినిమాల్లో నిందితులు విడుదల కాగానే కథ కత్తి దగ్గరికి పోతుంది. నిజానికి అలా విడుదలైతే బాధితులు సర్కారు కోసం ఎదురుచూడక్కర్లేకుండా, తామే అప్పీలు వేసుకునే హక్కు 2009 డిసెంబర్ 31 నుంచి ఉంది. బాధితురాలి గార్డియన్‌కూ ఆ హక్కు వర్తిస్తుంది. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 413వ సెక్షన్. అంటే ‘మామ్’ వచ్చేనాటికే దేవకి హైకోర్టుకు వెళ్లొచ్చు. వెళ్తే సినిమా ఉండదనుకోండి! నిర్భయ తల్లి వెళ్లిన దారి అదే కోర్టుల దారి. 2012 డిసెంబర్ 16న మొదలైంది, నలుగురికి ఉరి పడింది 2020 మార్చి 20న.

ఎవరి పక్షమంటారా? కత్తి పట్టుకున్నంతసేపూ మీ పక్షం. పిల్ల కనబడని గంటసేపూ మీ అత్తగారి పక్షం.

ప్రశ్న: పగబట్టిన తల్లి మన పురాణాల్లో ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ద్రౌపదిని మించి ఎవరున్నారండీ. నిద్రపోతున్న ఐదుగురు కొడుకుల్నీ అశ్వత్థామ రాత్రికి రాత్రి చంపేశాడు. భారతం సౌప్తిక పర్వంలో ఆమె, వాడి ప్రాణం తీసి తలలోని మణి తెస్తే సరి, లేకపోతే ఇక్కడే ప్రాయోపవేశం అని కూర్చుంటుంది. చివరికి మణితో సరిపెట్టుకుంటుంది. భాగవతంలో అలా కాదు. అర్జునుడు వాణ్ని కట్టేసి ఈడ్చుకొస్తే, వదిలేయమంటుంది. నాలా వాళ్లమ్మ కృపి ఏడవకూడదంటుంది. పక్కన భీముడు చంపాల్సిందేనంటున్నా సరే. పోతన పద్యాల్లో ఆ ఘట్టం చదవండి. మీ ఊళ్లో నన్నయ మొదలుపెట్టిన భారతంలో సౌప్తికం తిక్కన గారి వంతు, అదీ తిరగేయండి. నాకైతే మొదటి ద్రౌపది మీదే నమ్మకం ఎక్కువ. రెండో ద్రౌపదిని చూస్తే భయం.

ప్రశ్న: ‘దృశ్యం’లో ఐజీ కూడా కొడుకు కోసమే కదా అంత చేసింది, ఆమె మీద మనకెందుకు జాలి కలగదు?
– డిగ్రీ విద్యార్థిని, తణుకు

జవాబు: కెమెరా వెంకటేష్ ఇంట్లో కాపురముంది కాబట్టి. పైగా ఆ కొడుకు చేసిన పని అలాంటిది, ఈమె పోలీసుల చేత వెంకటేష్ చిన్నకూతుర్ని కూడా కొట్టించింది. అయినా ఆఖర్న యూనిఫాం లేకుండా వచ్చి, కొడుకు ఏమయ్యాడో చెప్పమని అడిగే నదియాను చూసి నాకు జాలి కలిగింది. మీకు కలగలేదంటే మళ్లీ ఒకసారి చూడండి, ఈసారి ఆమె వైపు నుంచి.