చచ్చిన జోరీగ కళ్లలో చారలుండవు

ప్రశ్న: అన్నా, మా బర్రెల మీద వాలే జోరీగల కళ్లలో పచ్చ, ఊదా చారలు చూసి ముచ్చటేసి నాలుగింటిని కొట్టి సీసాలో వేశాను. మర్నాడు 100 ఎంఎం మాక్రో లెన్స్‌తో తీస్తే చారలు లేవు, కళ్లు గోధుమరంగుకి తిరిగాయి. పైగా ఫ్లాష్ వేస్తే కంటి మీద తెల్లటి మచ్చ పడుతోంది. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకుడు, పొదలకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: చంపడంతోనే రంగు పోయింది తమ్ముడూ. ఆ చారలకి కారణం కంటి పైపొరలో ఒకదాని మీద ఒకటి ఉండే బాగా పలుచటి పొరలు. వాటికి తగిలి వెనక్కొచ్చే వెలుతురు కలిసినప్పుడు రంగు పుడుతుంది, సబ్బు బుడగ మీద కనిపించినట్టే. ఈగ చచ్చి తడారిపోతే ఆ పొరలు మారిపోతాయి, ఇక ఏ లెన్స్ పెట్టినా చారలు రావు. అందుకని బతికున్నదాన్నే తియ్యి. పొద్దున్నే ఎండ రాకముందు కొట్టం దడి మీద, చుట్టుపక్కల ఆకుల మీద వెతుకు, చల్లదనానికి అవి మందకొడిగా ఉంటాయి. నీ నీడ దాని మీద పడనివ్వకుండా మెల్లగా దగ్గరికి వెళ్లు.

మచ్చ సంగతికొస్తే, ఆ కన్ను గుండ్రటి అద్దం లాంటిది, నీ ఫ్లాష్ ఎంత చిన్నగా ఉంటే మచ్చ అంత గట్టిగా పడుతుంది. ఫ్లాష్ ముందు వెడల్పాటి ట్రేసింగ్ పేపర్ వంచి కట్టి, దాన్ని ఈగకి వీలైనంత దగ్గరగా తీసుకురా, తేడా నీకే తెలుస్తుంది. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11, షట్టర్ వేగం 1/200 సెకను దగ్గర మొదలుపెట్టు. అంత దగ్గర్నుంచి తీస్తే లోతులో స్పష్టంగా వచ్చేది ఒక మిల్లీమీటరు పైచిలుకే, కాబట్టి ఆటోఫోకస్ ఆపేసి, నువ్వే కొంచెం ముందుకీ వెనక్కీ కదులుతూ పది పదిహేను తీసుకో.

ఇంకోటి, బర్రెని కుట్టేవన్నీ ఆడవే, వాటి రెండు కళ్ల మధ్య సందు ఉంటుంది. మగవాటికి కళ్లు పైన కలిసిపోయి ఉంటాయి, అవి తేనె తాగి బతుకుతాయి గనక పూల దగ్గర చూడు, దొరికితే జత ఫొటోలు ఎంత బాగుంటాయో!

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఫొటో కోసం బర్రె తోక పట్టుకోవద్దు, ఈగని తోలకుండా ఉండొద్దు. ఒక పశువు రక్తం సగం తాగి లేచి ఇంకోదాని మీద వాలినప్పుడు మూతికంటిన రక్తంతోనే సర్రా అనే రక్తంలో చేరే రోగం అంటుతుంది. మీ గొడ్లలో ఏదైనా జ్వరం వచ్చి పోతూ, చిక్కిపోతుంటే ముందు పశువుల డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించు, కెమెరా తర్వాత.