పదహారు వందల కిలోల ఇనుము ఎటు పోయింది?

ప్రశ్న: నమస్తే సార్. డిప్లొమా సివిల్ చేసి తిరుపతిలో ఒక ఇంజినీరు గారి దగ్గర పని చేస్తున్నాను. రేణిగుంట రోడ్డులో ఒక గోడౌన్‌కి మెజనైన్ ఫ్లోర్ (మధ్యలో అదనపు అంతస్తు) వేస్తున్నారు, దానికి రెవిట్ అనే బిల్డింగ్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేశాను. ఐఎస్ఎంబీ 300 బీములు (300 ఎంఎం ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు దూలాలు) 40, ఒక్కోటి 6 మీటర్లు. షెడ్యూల్‌లో (మోడల్ నుంచి రెవిట్ ఇచ్చే పట్టికలో) వచ్చిన వాల్యూమ్‌ని ఎక్సెల్‌లోకి తీసుకుని ఉక్కు సాంద్రత 7850తో (ఘనపు మీటరుకి కిలోలు) గుణిస్తే మొత్తం 9,420 కిలోలు వచ్చింది. ఫ్యాబ్రికేటరేమో బీములకే 11,040 అని కొటేషన్ ఇచ్చాడు. మా సార్ "నీ సాఫ్ట్‌వేర్ తప్పా, నువ్వు తప్పా, వాడు దొంగా, తేల్చు" అంటున్నారు. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.
- కొర్లగుంట, తిరుపతి

జవాబు: దొంగ ఎవరూ లేరు తమ్ముడూ. కానీ తప్పు మాత్రం మీ వైపే ఎక్కువ ఉంది.

మీ 9,420ని 40తో భాగించండి, బీముకి 235.5 కిలోలు. దాన్ని 7850తో భాగిస్తే సరిగ్గా 0.03 వస్తుంది. అంత రౌండ్ సంఖ్య రాగానే అనుమానం రావాలి! ఐఎస్ఎంబీ 300 అడ్డుకోత వైశాల్యం ఉక్కు సెక్షన్ల పాత హ్యాండ్‌బుక్ ప్రకారం 56.26 చదరపు సెంటీమీటర్లు, అంటే 6 మీటర్ల బీముకి 0.0338 ఘనపు మీటర్లు. మీ షెడ్యూల్ రెండు దశాంశాలకే చూపిస్తోంది కాబట్టి ఎక్సెల్‌లోకి వచ్చింది ఆ కుదించిన 0.03 మాత్రమే, అసలు అంకె రెవిట్ కడుపులోనే ఉండిపోయింది. బీముకి ముప్పై కిలోలు, నలభై బీములకి దాదాపు 1,180 కిలోలు అక్కడే మాయం. కాంక్రీట్‌లో ఇది పెద్దగా కనపడదు, ఇనుము సన్నం కాబట్టి కొంప ముంచుతుంది.

గుణకారం రెవిట్‌లోనే చేయించండి. షెడ్యూల్‌లో కాలిక్యులేటెడ్ వాల్యూ పెట్టి, వాల్యూమ్‌ని ముందు ఒక ఘనపు మీటరుతో భాగించి, ఆ తర్వాత 7850తో గుణించాలి. ఆ భాగహారం లేకపోతే యూనిట్లు కుదరలేదని మొరాయిస్తుంది. ప్రాజెక్టు అడుగుల్లో ఉంటే మరీ జాగ్రత్త: ఘనపుటడుగు ఉక్కు 222 కిలోలే. అక్కడ కూడా అలవాటుగా 7850 కొట్టి ముప్పై అయిదు రెట్ల బరువు తెచ్చినవాళ్లను చూశాను (ఒకసారి అది నేనే).

అలా చేస్తే మీకు 10,600 దగ్గర వస్తుంది. మిగిలిన 440 సంగతి వేరే. ఐఎస్ఎంబీ 300 మీటరు బరువు పాత హ్యాండ్‌బుక్‌లో 44.2 కిలోలు, 1989 నాటి ఐఎస్ 808 (ఉక్కు సెక్షన్ల భారత ప్రమాణం)లో 46. ఇందులో ఫ్లాంజీ (పైనా కిందా ఉండే అడ్డ పట్టీ), వెబ్బూ (మధ్య నిలువు పట్టీ) కాస్త మందంగా ఉంటాయి, అంతే. మీ ఫ్యాబ్రికేటర్ అంకెని 240 మీటర్లతో భాగించి చూడండి, ఖచ్చితంగా 46. ఆయన ఆ పట్టిక చూసి రాశాడు. మీ రెవిట్ ఫ్యామిలీలో (మోడల్‌లో వాడిన బీము నమూనాలో) వెబ్ మందం 7.5 ఎంఎం ఉందా, 7.7 ఉందా చూడండి, ఏ పట్టికో తెలిసిపోతుంది. ఏ పట్టిక మీద బిల్లు, లేక వేబ్రిడ్జి తూకం మీదా అన్నది ఆర్డర్ ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి, సరుకు దిగాక మాట్లాడితే గొడవే.

ఇంకొకటి, షెడ్యూల్‌లో లెంగ్త్, కట్ లెంగ్త్ రెండూ ఉంటాయి. లెంగ్త్ అంటే సెంటర్ నుంచి సెంటర్‌కి, కాలమ్ దగ్గర కోసేసిన ముక్క కూడా అందులో కలిసే ఉంటుంది. మీటరు బరువుతో లెక్క కట్టేటప్పుడు కట్ లెంగ్త్ తీసుకోండి. మీ 6 మీటర్లు ఈ రెండిట్లో ఏదో నాకు రాయలేదు. సెంటర్ కొలత అయితే, 300 ఎంఎం కాలమ్‌ల మధ్య బీముకి 13 కిలోల దాకా తగ్గుతుంది, అప్పుడు ఫ్యాబ్రికేటర్‌తో మాట్లాడాల్సింది మీరే.

క్లీట్లు (బీముల్ని కలిపే చిన్న ముక్కలు), బేస్ ప్లేట్లు (కాలమ్ కింద పెట్టే పలకలు) మోడల్‌లో పెట్టకపోతే లెక్కలోకి రావు. వాటికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, చదరపు మీటరుకి మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. 400 బై 400, 20 ఎంఎం ప్లేటు ఒక్కటే 25 కిలోలు.