కరోనా రోజుల్లో తలకు దెబ్బ.. ఇప్పుడు కాలు ఈడుస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా మామయ్యగారి వయసు 71. 2021లో కరోనా వచ్చినప్పుడు నీరసంతో కళ్లు తిరిగి బాత్రూంలో పడిపోయారు. తల వెనుక భాగం గోడకు కొట్టుకుంది. ఆసుపత్రుల్లో బెడ్లు లేవని విని, భయపడి ఇంట్లోనే ఉంచాం. నాలుగు రోజులకు వాపు తగ్గి లేచి తిరిగారు. కానీ అప్పటి నుంచి వాసనలు తెలియడం లేదు. మతిమరుపు, విసుగు పెరిగాయి. మూడు వారాల కిందట కుర్చీలోంచి లేస్తూ తూలితే తల తలుపు అంచుకు తగిలింది. రక్తం రాలేదని పట్టించుకోలేదు. వారం రోజులుగా తలనొప్పి అంటున్నారు. పగలంతా మగతగా ఉంటున్నారు, కుడికాలు కాస్త ఈడుస్తున్నారు. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నారు. ఇదంతా కరోనా వల్లా, పాత దెబ్బ వల్లా? కరోనా కాలంలో తల గాయాలు తగ్గాయని ఎక్కడో చదివాను. మరి మా ఇంట్లో ఇలా ఎందుకు జరిగింది?
- ఓ పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు కరోనా గురించి అడిగారు గానీ నాకు ఎక్కువ కంగారు పుట్టించింది మూడు వారాల కిందటి దెబ్బ. తలకు తగిలిన కొన్ని వారాలకు మగత, తలనొప్పి, ఒక కాలు ఈడవడం మొదలయ్యాయంటే అది ఇంట్లో ఉండి గమనించే సమస్య కాదు. ఇది చదివిన వెంటనే ఆయన్ని సీటీ స్కాన్, న్యూరోసర్జన్ అందుబాటులో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు ఓపీలో చూపిద్దామని ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి. కిందిదంతా తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నా అనుమానం క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా మీద ఉంది. అంటే మెదడు మీద ఉండే పొర కింద రక్తం మెల్లగా చేరడం. వయసు పైబడేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. దాంతో మెదడు నుంచి పై పొరకు వెళ్లే సన్నని సిరలు సాగి, బిగుసుకుని ఉంటాయి. అలాంటప్పుడు చిన్న దెబ్బకే ఒక సిర చిట్లి, రక్తం కొద్దికొద్దిగా ఊరుతుంది. పైన గాయం ఉండదు, స్పృహ తప్పదు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు గడిచాక మెదడు మీద ఒత్తిడి పెరిగి లక్షణాలు బయటపడతాయి. దెబ్బ సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, వయసు మీద పడిందనో, పక్షవాతం వచ్చిందనో అనుకుంటారు. మీరు గుర్తుపెట్టుకుని రాశారు, అది చాలా మేలు చేసింది. సకాలంలో వెళ్తే దీనికి మంచి వైద్యం ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం వేసి ఆ రక్తాన్ని బయటకు తీస్తారు. ఆపరేషన్ తర్వాత మగత వీడి, కాలు మళ్లీ స్వాధీనంలోకి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. పరిమాణం తక్కువగా ఉంటే ఆపరేషన్ లేకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండొచ్చని కూడా చెప్పవచ్చు.

రక్తం పలచబరిచే మాత్ర గురించి ఒక్క మాట. దాన్ని మీ అంతట మీరు రోజుల తరబడి ఆపేయకండి, ఎందుకంటే గుండె లయ తప్పేవారిలో ఆ మాత్ర పక్షవాతం రాకుండా కాపాడుతోంది. మాత్రల షీటును వెంట తీసుకెళ్లండి. చివరి మాత్ర ఏ రోజు, ఎన్ని గంటలకు వేసుకున్నారో డ్యూటీ డాక్టర్‌కు ముందే చెప్పండి. తర్వాతి మాత్ర వేసే టైమ్ దారిలోనే వస్తే, వేయకుండా ముందు డాక్టర్‌ను అడగండి. రక్తస్రావం ఉంటే ఆ మందు ప్రభావాన్ని తగ్గించే విరుగుడు మందులు ఉన్నాయి. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టర్, న్యూరోసర్జన్ కలిసి నిర్ణయిస్తారు. తలనొప్పికి ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటివి ఇవ్వొద్దు.

ఇక కరోనా కాలంలో తల గాయాలు తగ్గాయా అన్న ప్రశ్న. తగ్గిన మాట నిజమే, కానీ అది సగం నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కరోనాను మహమ్మారిగా ప్రకటించాక, దేశాలు ఒకదాని వెనుక ఒకటి లాక్‌డౌన్ పెట్టాయి. రోడ్లు ఖాళీ అయ్యాయి, ఆటలు ఆగిపోయాయి, పనులు మూతపడ్డాయి. చాలా చోట్ల ఆసుపత్రుల్లో చేరే తల గాయాల కేసులు బాగా పడిపోయాయి. అందులో పెద్ద వాటా రోడ్డు ప్రమాదాలు తగ్గడం వల్లే. మైదానంలో తలలు ఢీకొని వచ్చే కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి కాసేపు సరిగా పనిచేయకపోవడం) కేసులూ తగ్గాయి.

కానీ రోడ్డు మీద కూడా అంతా మంచే జరగలేదు. ఖాళీ రోడ్డు చూస్తే వేగం పెరుగుతుంది. అమెరికాలో 2020లో వాహనాలు తిరిగిన దూరం దాదాపు పదో వంతు తగ్గినా, రోడ్డు మరణాలు 38 వేలు దాటి అంతకుముందు ఏడాది కంటే పెరిగాయి. భారత్‌లో అదే ఏడాది ప్రమాదాలు సుమారు 4.49 లక్షల నుంచి 3.66 లక్షలకు తగ్గాయి, మరణాలు మాత్రం 1.51 లక్షల నుంచి 1.31 లక్షలకే తగ్గాయి. ప్రమాదాలు తగ్గినంతగా చావులు తగ్గలేదన్నమాట. వేగం పెరిగితే తలకు తగిలే దెబ్బ తీవ్రత ఎంతలా పెరుగుతుందో ట్రామా వార్డులో పనిచేసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మిగతా సగం మీ ఇంట్లో జరిగిందే. రోడ్డు మీది గాయాలు తగ్గిన మేరకు, ఇంట్లో జారిపడిన వారి వాటా పెరిగింది. మెట్ల మీద, బాత్రూంలో, మంచం దిగుతూ పడిన పెద్దవాళ్లు, మంచం మీద నుంచి, కిటికీల దగ్గర నుంచి పడిన పిల్లలు ఎక్కువగా కనిపించారు. నిచ్చెనెక్కి ఇంటి పనులు తామే చేసుకోబోయి పడిన మధ్యవయసు వారూ ఉన్నారు. నెలల తరబడి ఇంట్లో కూర్చోవడంతో పెద్దవారికి తొడ కండరాల బలం, నడకలో పట్టు తగ్గాయి. దానికి తోడు కరోనాయే మనిషిని పడేసేది. జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, ఆక్సిజన్ పడిపోవడం వల్ల మంచం మీద నుంచి లేవగానే బీపీ జారి కళ్లు తిరిగేవి. మీ మామయ్యగారు పడటానికి కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందులు అవసరమైనవే, కానీ అలాంటి వారు పడితే తలలో రక్తస్రావం అయ్యే అవకాశం పెరిగింది.

ఇంకొకటుంది, దాన్ని చెప్పకుండా వదలలేను. కొందరికి ఇల్లే ప్రమాదకరమైన చోటు. కొట్టే మనిషితో ఒకే ఇంట్లో బందీలైన స్త్రీలు, పసిపిల్లలు ఉన్నారు. చాలా దేశాల్లో హెల్ప్‌లైన్లకు ఫోన్లు పెరిగాయి, ఆసుపత్రికి వచ్చినవారు మాత్రం తక్కువ. ఏడాది నిండని పాపాయిని గట్టిగా ఊపేసినా మెదడులో రక్తస్రావం అవుతుంది, పైకి గీత కూడా కనబడదు. పక్కింట్లో అలాంటిది జరుగుతోందని తెలిస్తే, వారి ఇంటి గొడవ అని ఊరుకోకండి.

కేసులు తగ్గాయన్న లెక్కను నేను జాగ్రత్తగా చూడమనేది ఇందుకే. ఆ లెక్కలో ఉన్నది ఆసుపత్రి గడప తొక్కినవారే. స్వల్ప దెబ్బలు తగిలినవారు మీలాగే భయపడి ఇంట్లో ఉండిపోయారు, కొందరు ఆలస్యంగా వచ్చారు. అందుకే కొన్ని చోట్ల వచ్చిన కొద్దిమందిలో తీవ్ర గాయాల శాతం ఎక్కువగా కనిపించింది. అప్పటికే గాయపడి కోలుకుంటున్నవారికి ఫిజియోథెరపీ, మాట నేర్పించే థెరపీ నెలల తరబడి ఆగిపోయాయి. ఆ నష్టం ఏ అడ్మిషన్ల రిజిస్టర్‌లోనూ కనిపించదు. ఆ రోజుల్లో మీరు తీసుకున్న నిర్ణయం గురించి బాధపడకండి. లక్షల కుటుంబాలు అదే నిర్ణయం తీసుకున్నాయి.

ఇప్పుడు వాసన సంగతి. ఇక్కడే కరోనా, తల దెబ్బ ఒకదాన్నొకటి దాచేస్తాయి. ముక్కు పైకప్పులో జల్లెడలా చిల్లులున్న పలుచని ఎముక ఉంటుంది. వాసన నరాల పోగులు ఆ చిల్లుల గుండానే మెదడులోకి వెళ్తాయి. తల వెనుక భాగం గోడకు బలంగా తగిలితే మెదడు ముందుకీ వెనక్కీ కదిలి, ఆ పోగులు తెగిపోవచ్చు. కరోనా ఎక్కువగా దెబ్బతీసేది నరాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే కణాలను. అందుకే కరోనాతో పోయిన వాసన చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తిరిగి వచ్చింది. ఏళ్లు గడిచినా రాలేదంటే, అదీ తల వెనుక దెబ్బ తగిలిన మనిషిలో అంటే, దెబ్బ పాత్రను కొట్టిపారేయలేం. కరోనా వల్ల కానే కాదనీ చెప్పలేం. చెప్పుకోదగ్గ విషయం ఏమిటంటే పార్కిన్సన్స్, అల్జీమర్స్ జబ్బుల్లోనూ వాసన ముందే తగ్గవచ్చు. అందువల్ల ప్రస్తుత ప్రమాదం గట్టెక్కాక న్యూరాలజిస్టుకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

వాసన తెలియని మనిషి వంటగదిలో ఒంటరిగా ఉండటం మంచిది కాదు. గ్యాస్ లీకైనా, కూర పాడైనా, ఏదైనా మాడుతున్నా ఆయనకు తెలియదు. గ్యాస్ డిటెక్టర్ ఒకటి పెట్టించండి. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వంటి నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి కొన్ని సెకన్ల పాటు, నెలల తరబడి పీల్చే శిక్షణ ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఎంత పనిచేస్తుందో హామీ ఇవ్వలేను కానీ, చేస్తే పోయేదేమీ లేదు.

మతిమరుపు, విసుగు, అలసట, నిద్ర చెడిపోవడం కరోనా తర్వాత మిగిలిపోతాయి, తల దెబ్బ తర్వాతా మిగిలిపోతాయి. లక్షణాలను బట్టి రెంటినీ విడదీయడం కష్టం. అందుకని ఏదో ఒక పేరు తగిలించేసి వదిలేయకుండా, బాగుచేయగలిగినవి ముందు వెతకాలి. విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు, వినికిడి పరీక్ష చేయించండి. డిప్రెషన్ ఉందేమో అడిగించండి. పెద్దవయసులో డిప్రెషన్ ఏడుపుగా కాక విసుగుగా కనిపించడం మామూలే. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు వాడుతున్నారేమో చూడండి, అవీ మతిమరుపు తెస్తాయి. పాత గాయం ఆనవాళ్లు ఎంఆర్ఐలో బాగా కనిపిస్తాయి, తాజా రక్తస్రావానికి సీటీయే ముందు చేయాలి.

ఇకపై ఆయన తలకు ఏ చిన్న దెబ్బ తగిలినా, బాగున్నారనిపించినా సరే, రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నందుకే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. వాంతులు, ఫిట్స్, మాట తడబడటం, ఒక పక్క బలహీనత, లేపినా లేవకపోవడం కనిపిస్తే ఒక్క క్షణం ఆగొద్దు. దెబ్బ తగిలాక నిద్రపోనివ్వకూడదని చాలామంది అనుకుంటారు. డాక్టర్ చూసి పర్వాలేదన్నాక నిద్రపోవచ్చు, మధ్యలో లేపి పలకరిస్తే మామూలుగా జవాబిస్తున్నారో లేదో చూస్తే చాలు.

స్కాన్‌లో ఏమీ లేదని తేలినా కాలు ఎందుకు ఈడుస్తున్నారో తేలేదాకా డిశ్చార్జి అడగొద్దు, పక్షవాతం ఏమైనా వచ్చిందేమో డాక్టర్లు చూడాల్సి ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రెండు దెబ్బల తేదీలు, మగత మొదలైన రోజు, కాలు ఈడవడం మొదలైన రోజు, వాడుతున్న మందులు రాసుకుని వెళ్లండి. ఎమర్జెన్సీలో ఆయన తనంతట తాను ఇవన్నీ చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.