పెళ్లికి సాక్షి సంతకం పెట్టమంటున్నాడు మావాడు

ప్రశ్న: మాది తెనాలి. మావారి ఉద్యోగరీత్యా సిడ్నీ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వెస్ట్‌మీడ్‌లో ఉంటున్నాం, అందరికీ ఇక్కడి పౌరసత్వం ఉంది. అబ్బాయికి 25 ఏళ్లు, ఇంజినీరు. అమ్మాయి చదువుకుంటోంది. తాను గే అని, ఒక అబ్బాయిని ప్రేమించానని, మార్చిలో పెళ్లి చేసుకుంటున్నామని మావాడు ఈ మధ్యే చెప్పాడు. 2017లో స్వలింగ వివాహాల మీద ఇక్కడ పోస్టులో ఓటింగ్ పెట్టినప్పుడు నేనూ మావారూ ‘నో’ మీదే గుర్తు పెట్టాం. మా చుట్టుపక్కల తెలుగువాళ్లంతా అలాగే వేశామన్నారు. ఆ సంగతి ఎత్తి, “ఆ రెండు కవర్లూ స్కూలుకు వెళ్తూ పోస్టు డబ్బాలో వేసింది నేనే, గుర్తుందా అమ్మా?” అని అడిగాడు. నిజంగా నాకు గుర్తు లేదు. ఇప్పుడు తన పెళ్లికి సాక్షి సంతకం నన్నే పెట్టమంటున్నాడు. మావారు వాడితో మాట్లాడటం మానేశారు. ఇండియాలో మంచి డాక్టరుకు చూపిస్తేనో, పిల్లను చూసి పెళ్లి చేస్తేనో సర్దుకుంటాడంటున్నారు. సంతకం పెడితే ఏమైనా చిక్కులు వస్తాయా? 82 ఏళ్ల మా అత్తగారికి ఏమని చెప్పాలి? అమ్మాయికి సంబంధాలు వస్తాయా? ఆ ఓటు వేసినదాన్ని, ఈ సంతకం పెట్టే అర్హత నాకుందా?
– ఒక తల్లి, సిడ్నీ

జవాబు: అమ్మా, ముందు చట్టం సంగతి తేల్చేస్తాను. సాక్షి సంతకం వల్ల మీకు అక్కడా ఇక్కడా ఏ చిక్కూ రాదు. ఆస్ట్రేలియాలో పెళ్లికి 18 ఏళ్లు నిండిన ఇద్దరు సాక్షులు ఉండాలి. కన్నతల్లి సాక్షిగా ఉండకూడదనే నియమమేమీ లేదు. ఈ పెళ్లి నా కళ్లెదుట జరిగింది అని చెప్పడమే ఆ సంతకం పని. భారతదేశంలో మాత్రం ఈ పెళ్లికి గుర్తింపు ఉండదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలను 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పీకేసింది కాబట్టి ఇది నేరమూ కాదు. పెళ్లి విషయానికి వచ్చేసరికి 2023 అక్టోబరు 17న అదే కోర్టు, చట్టం మార్చడం పార్లమెంటు పని అని పక్కకు తప్పుకుంది. ఆ కేసు వేసినవారిలో ముందున్నది హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న ఇద్దరు మగవాళ్ల జంట. “మనవాళ్లలో ఇలాంటివి ఉండవు” అనే బంధువు ఎవరైనా ఎదురైతే ఈ ముక్క చెప్పండి. ఇక తెనాలి ఆస్తి గురించి మీరు అడగలేదు కానీ, మీవారి మనసులో ఉండే ఉంటుంది. కొడుకు ఎవరిని పెళ్లాడాడన్నదాన్ని బట్టి వారసత్వ హక్కు పోదు.

డాక్టరు మాట ఇక ఎత్తవద్దని మీవారికి చెప్పండి. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ‘మారుస్తాం’ అంటూ చికిత్సలు చేస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చింది. అయినా మార్చేస్తామని బోర్డు పెట్టుకుని డబ్బు గుంజేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. డబ్బుతో పోయేదైతే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. అలాంటి చోటికి పంపిన పిల్లలు తిరిగొచ్చాక తల్లిదండ్రుల ముఖం చూడటానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలుసు. పైగా మీరుంటున్న న్యూ సౌత్ వేల్స్‌లో ఇలాంటి ప్రయత్నాల మీద 2025 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లో ఉంది. ఆ ఉద్దేశంతో మనిషిని రాష్ట్రం బయటికి తీసుకెళ్లడం కూడా దాని పరిధిలోకి వస్తుంది.

పిల్లను చూసి పెళ్లి చేద్దామన్న మాట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. దాచుకోను. ఇలాంటి పెళ్లిళ్లలో ఇరుక్కున్న ఆడపిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. అసలు సంగతి తెలియక ముందు వాళ్లంతా దాదాపు ఒకే పని చేస్తారు. లోపం తమలోనే ఉందనుకుని దాన్ని వెతుక్కుంటారు. బరువు తగ్గుతారు, జుట్టు కత్తిరించుకుంటారు, అత్తగారు చెప్పిన వ్రతాలన్నీ చేస్తారు. భర్త కొట్టడు, తిట్టడు, తాగడు. ఫలానా కష్టం ఉందని పుట్టింట్లో చెప్పుకోవడానికి ఒక మాట కూడా దొరకదు. ఇంకా విశేషమేమీ లేదా అని అడిగేవాళ్లకు మాత్రం ఆ పిల్లే జవాబు చెప్పుకోవాలి. మీవారు చెప్పినట్టే చేస్తే, గుంటూరు జిల్లాలో ఎవరి కూతురో వీసా మీద సిడ్నీ వచ్చి, నా అన్నవాళ్లు లేని చోట ఇదంతా పడుతుంది. మీవారికి ఒక కూతురుంది. ఇలాంటి సంబంధం, అబ్బాయి సంగతి దాచిపెట్టి, తన కూతురికి ఎవరైనా తెస్తే ఏమంటారో ఆయన్నే అడగండి. ఆ జవాబు విన్నాక మీరు ఇంకో మాట కలపక్కర్లేదు. బలవంతపు పెళ్లి 2013 నుంచి ఆస్ట్రేలియాలో నేరం కూడా.

ఇక మిమ్మల్ని నిద్ర పోనివ్వని ఆ ఓటు.

2017 సెప్టెంబరు 12 నుంచి ఫారాలు ఇళ్లకు రావడం మొదలైంది. తిప్పి పంపడానికి నవంబరు 7 దాకా గడువు. పెట్టెలు రెండే, ఎస్, నో. ఇలాంటి ఓటింగే వద్దని, మా జీవితాలను ఊరందరి ముందూ పెట్టి బాగుందా లేదా అని అడగవద్దని స్వలింగ సంపర్కుల తరఫున పోరాడేవారు చాలామంది మొత్తుకున్నారు. రెండు కేసులు ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పెద్ద కోర్టయిన హైకోర్టు దాకా వెళ్లాయి. సెప్టెంబరు 7న కోర్టు వాటిని కొట్టేసింది. దాంతో వద్దన్నవాళ్లే మర్నాటి నుంచి కరపత్రాలు పట్టుకుని తలుపులు తట్టారు. మా పెళ్లికి దయచేసి ఒప్పుకోండి అని ముక్కూమొహం తెలియనివాళ్లను అడగాల్సి వచ్చింది. చివరికి 79.5 శాతం మంది ఫారాలు తిప్పి పంపితే, వారిలో 61.6 శాతం ఎస్ అన్నారు. డిసెంబరు 7న పార్లమెంటు చట్టం చేసింది, 9న అమల్లోకి వచ్చింది. వార్తల్లో కనబడింది నవంబరు 15న ఫలితం వచ్చినప్పటి సంబరం. అంతకు ముందు ఎనిమిది వారాలు ఎవరింట్లో ఏం మాటలు నడిచాయో వార్తల్లో రాలేదు.

మీవాడికి అప్పుడు 17. ఓటు లేదు. టీవీలో, బస్సులో, అన్నం తినేచోట, బంధువుల వాట్సాప్ గ్రూపులో తన గురించే మాట్లాడుతున్నారు, కానీ తన గురించి అని అక్కడ తనకు తప్ప ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో ఏమేం మాట్లాడుకున్నారో మీరు రాయలేదు. అందరిళ్లలో మాట్లాడుకున్నవే అయ్యుంటాయి, వాడు నవ్వుతూ కూర వడ్డించుకునే ఉంటాడు. ఆ రోజుల్లో స్వలింగ సంపర్కుల మానసిక స్థితి ఎలా ఉందో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించారు. వ్యతిరేక ప్రచారం ఎంత ఎక్కువగా చెవిన పడితే అంత ఎక్కువ కుంగుబాటు కనిపించింది. అయితే ఇంట్లోవాళ్లూ స్నేహితులూ తన పక్షాన ఉన్నారనుకున్నవారిలో ఆ దెబ్బ తగ్గింది. ఇది మిమ్మల్ని పొడవడానికి చెప్పడం లేదు. అప్పుడు పనిచేసిన మందు ఇప్పుడూ పనిచేస్తుంది.

ఆ కవర్ల సంగతి నన్ను చాలాసేపు ఆపింది. చించి పారేయవచ్చు, బడిసంచిలో మరిచిపోయానని చెప్పవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. తీసుకెళ్లి డబ్బాలో వేశాడు. ఎందుకు వేశాడో నేను ఊహించి చెప్పను, మీరే అడిగి తెలుసుకోండి. అడిగి, వాడు చెప్పేది మొత్తం వినండి. మధ్యలో “మాకేం తెలుసు నాన్నా” అనవద్దు.

ఈ విషయంలో తల్లులు తరచుగా ఒక మాట అంటారు. “నీ సంగతి అని తెలిసుంటే అలా వేసేదాన్ని కాదు.” ప్రేమతోనే అంటారు. వినేవాడికి మాత్రం, వేరేవాళ్ల పిల్లలైతే ఫరవాలేదనుకున్నావన్నమాట అని వినిపిస్తుంది. వాడి స్నేహితులు, వాడు పెళ్లాడబోయే అబ్బాయి, ఆ ‘వేరేవాళ్ల పిల్లలే’ కదా. జరిగింది జరిగినట్టు చెప్పండి. “అవును, వేశాను. ఎవరి గురించి వేస్తున్నానో ఆలోచించలేదు. నువ్వు ఎలా ఉన్నావో కూడా అడగలేదు.” అంతే చాలు. ఏడుపు వస్తే రానివ్వండి, కానీ మిమ్మల్ని ఓదార్చే పని వాడి మీద పెట్టవద్దు.

చుట్టుపక్కల అందరూ నో వేశారన్నారు. మీ పారమట్టా నియోజకవర్గం లెక్క తమాషాగా ఉంటుంది. దేశంలో ఎస్ ఎంతో, అక్కడ నో సరిగ్గా అంత, 61.6 శాతం. దాన్నే ఇటు తిప్పితే 38.4 శాతం మంది ఎస్ అన్నారు. వాళ్లు పొరుగూరి నుంచి వచ్చి వేయలేదు. ఏ భాషవాళ్లు ఏం వేశారో ఆ లెక్కల్లో లేదు. ‘అందరూ’ అన్నది గట్టిగా మాట్లాడినవాళ్ల లెక్క. హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో మీతో పాటు ప్రసాదం వరసలో నిలబడేవాళ్లలో ఎస్ వేసి నోరు మూసుకున్నవారు ఉండే ఉంటారు. మీలాంటి తల్లి కూడా ఉండవచ్చు. దక్షిణాసియా కుటుంబాల నుంచి వచ్చినవారి కోసం సిడ్నీలో త్రికోన్ అనే బృందం ఉంది. తల్లిదండ్రుల కోసం పీఫ్లాగ్ ఉంది. ఇండియాలో ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు కలిసి నడుపుకునే స్వీకార్ ఉంది. నాలాంటివాళ్లు చెప్పేదానికన్నా, ఇదే దారిలో నడిచిన ఇంకో అమ్మ చెబితే త్వరగా మనసుకు ఎక్కుతుంది.

మీవారి మౌనాన్ని పగలగొట్టే పని మీరు నెత్తిన వేసుకోవద్దు. ఆయనకు సమయం కావాలి, తీసుకోనివ్వండి. అయితే ఆయన తేల్చుకునేదాకా మీరు ఆగనక్కర్లేదు. “నేను వెళ్తున్నాను. మీరు వస్తే సంతోషం. రాకపోయినా మీతో గొడవ పడను” అని పెళ్లికి కనీసం నెల ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పండి. కారు ఆయనే నడుపుతారా? అయితే ఆ రోజు మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తారో ఇప్పుడే చూసుకోండి. నా అనుభవంలో తల్లులు ఇలాంటి పెళ్లిళ్లకు మనసొప్పక మానేసిన దానికన్నా, దింపేవాళ్లు లేక, పొద్దున్నే ఇంట్లో రభస చేయలేక మానేసినవే ఎక్కువ.

అమ్మాయిని అడిగి చూడండి. అన్న సంగతి దానికి మీకంటే ముందే తెలిసి ఉంటుందని నా అనుమానం. సంబంధాల విషయానికి వస్తే, కొన్ని రావు. అబద్ధం చెప్పను. అన్నను దాచితేనే నిలిచే సంబంధం దానికి కావాలో వద్దో అదే తేల్చుకోగలదు.

అత్తగారికి ఈ నెలలోనే చెప్పాలని ఎక్కడా లేదు. ఎప్పుడు, ఎలా అన్నది మీవాడి ఇష్టం, అది వాడి కబురు. మీరు చేయవలసింది ఒక్కటే. మనవడికి పిల్లను చూస్తున్నామని ఆవిడకు చెప్పవద్దు. ఎవరైనా ఫొటోలు పంపితే “మావాడికి సంబంధాలు చూడటం లేదండీ” అనేసి ఊరుకోండి. కారణం చెప్పాలన్న బాధ్యత మీకు లేదు. ఈ కాలపు ఎనభై ఏళ్ల ముసలమ్మలను తక్కువ అంచనా వేయకండి. నాకు తెలిసిన ఒకావిడ అంతా విని, “ఇద్దరికీ వంట వచ్చా?” అని మాత్రం అడిగింది.

అర్హత గురించి అడిగారు. స్నేహితులున్న కుర్రాడికి ఇద్దరు సాక్షులు దొరకడం కష్టమేమీ కాదు. మీరు ఏం వేశారో తెలిసి, ఆ కవరు చేత్తో మోసినవాడు, ఏరి కోరి మిమ్మల్నే అడిగాడు. మీ సమ్మతి కావాలనీ అడగలేదు, రమ్మన్నాడు, వచ్చి సంతకం పెట్టమన్నాడు. అర్హత ఉందా లేదా అని ఇక్కడ కూర్చుని మీరూ నేనూ మళ్లీ ఇంకో ఓటింగ్ పెట్టుకోవడం ఎందుకు? 2017 నాటి ఫారం మీద పేరు రాయనక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. దీని మీద మీ పేరుంటుంది. మీకు భయంగా ఉన్నది అందుకే అనుకుంటాను. భయం ఉన్నా పెట్టవచ్చు. నాకింకా మనసు పూర్తిగా కుదుటపడలేదు అని వాడికి చెప్పి మరీ పెట్టవచ్చు. అలా చెబితే వాడు తట్టుకోగలడు.

ఆ రోజు పెళ్లి జరిపించే సెలబ్రెంట్ చట్టప్రకారం కొన్ని వాక్యాలు చదువుతారు. వివాహమంటే ఇద్దరు వ్యక్తులు ఇష్టపూర్వకంగా, జీవితాంతం కోసం కట్టుకునే బంధం అని వస్తుంది. 2004లో చట్టంలో ‘పురుషుడు, స్త్రీ’ అని చేర్చిన చోటే ఇప్పుడు ‘ఇద్దరు వ్యక్తులు’ అని ఉంది. నోటీసు నెల ముందే ఇవ్వాలి, ఆ పని పిల్లలు చూసుకుంటారు. మీరు వాడికి ఫోను చేసి వస్తున్నానని చెప్పండి, ఎన్నింటికి, ఎక్కడికి అని అడగండి. ఆ అబ్బాయి కారం ఎంత తింటాడో కూడా కనుక్కోండి. పెళ్లికి ముందు ఒకసారైనా ఇంటికి భోజనానికి పిలవాలి కదా. మీవారు ఉన్న పూట వద్దనుకుంటే, ఆయన లేని పూటే పిలవండి.