4కే పెళ్లి వీడియో టైమ్‌లైన్‌లో ఆగి ఆగి ఆడుతుందా? ర్యామ్ కొనే ముందు ఇవి చూడు

తమ్మీ, నువ్వు రాసినదాన్ని బట్టి నీది తొమ్మిదో తరం ఐ5 లాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. జడ్చర్లలో తీసిన పెళ్లి, 4కే 10బిట్ 4:2:2 ఫుటేజ్ (మామూలు 8బిట్ 4:2:0 కంటే రంగుల వివరం ఎక్కువ దాచేది). ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో వేస్తే మాట ముందుకు పోతుంది, బొమ్మ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, షాపాయనేమో 32 జీబీ ర్యామ్ వేయించమంటున్నాడు. ఇప్పుడే వేయించకు. నల్లగొండలో పెళ్లిళ్ల ఎడిటింగే నా పని, సీజన్‌లో నా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో చాలావాటికి ఇదే రోగం, ర్యామ్‌తో పోయింది మాత్రం తక్కువే.

ముందు కొత్త సీక్వెన్స్ తెరిచి ఒకే ఒక్క క్లిప్పు వెయ్యి. కలర్ వద్దు, టైటిల్ వద్దు. పక్కన టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచి పెట్టుకొని ప్లే కొట్టు. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, దాని మీద నొక్కితే చిన్న గ్రాఫులు కనిపిస్తాయి, వాటిలో ‘వీడియో డీకోడ్’ అనేది చూడు. నా అంచనా ప్రకారం అది సున్నా దగ్గర పడుకొని ఉంటుంది, సీపీయూ మాత్రం నూటికి నూరు కొడుతుంది, మెమరీ ఇంకా ఖాళీగానే ఉంటుంది. అదే కనిపిస్తే ర్యామ్ సంగతి మర్చిపో. 4కేకి 32 జీబీ ఉంటే మంచిదని అడోబ్ వాళ్లే చెప్తారు, అది నిజమే, కానీ నీ సిస్టమ్ ఆగుతున్నది అక్కడ కాదు.

ఎందుకంటే, హెచ్.264, హెచ్.265 అనేవి వీడియోని కుదించి దాచే పద్ధతులు, ఆ ఫైళ్లలో మామూలుగా ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మధ్యలోవన్నీ ముందూ వెనకా ఫ్రేములతో తేడాలు మాత్రమే. నువ్వు తలంబ్రాల మధ్యలో ఎక్కడో క్లిక్ చేస్తే సాఫ్ట్‌వేర్ వెనక్కి పోయి పూర్తి బొమ్మ వెతుక్కొని, అక్కడి నుంచి ఒక్కొక్కటీ కట్టుకుంటూ రావాలి. ఈ పనికి చిప్‌లోనే వేరే భాగం ఉంటుంది, కానీ అది అన్ని రకాల ఫైళ్లనూ విప్పలేదు. నీ 1650కి 4:2:0 వస్తుంది, 4:2:2 రాదు. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే 4:2:2 వచ్చింది. ఇంటెల్‌లో పదకొండో తరం నుంచి నమ్మకంగా ఉంది, అది కూడా హెచ్.265కే. మిర్యాలగూడ మిత్రుడొకడు ఆర్‌టీఎక్స్ 3060, 32 జీబీ ర్యామ్ పెట్టుకొని కూడా నీలాగే తల పట్టుకున్నాడు, చూస్తే వాడి ఫైళ్లు హెచ్.264లో 4:2:2 10బిట్, వాడి కార్డు వాటిని ముట్టుకోదు. కాబట్టి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నీ క్లిప్పు వేసి ‘క్రోమా సబ్‌శాంప్లింగ్’, ‘బిట్ డెప్త్’ అనే రెండు లైన్లు చూడు. ప్లేబ్యాక్ రిజల్యూషన్ పావుకి తగ్గించినా ఎందుకు బాగుపడలేదని అడిగావు కదా, దాంతో ఎఫెక్టుల బరువు తగ్గుతుంది గానీ ఇలాంటి ఫైల్‌ని మొత్తం విప్పక తప్పదు.

దీనికి మందు ప్రాక్సీలే, అంటే ఎడిటింగ్ వరకు అసలు ఫైళ్ల బదులు వాడుకునే తేలిక నకళ్లు. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకొని రైట్ క్లిక్ కొట్టి, ప్రాక్సీలో ‘క్రియేట్ ప్రాక్సీస్’ అను, ప్రోరెస్ ప్రాక్సీ తీసుకో. అందులో ప్రతి ఫ్రేమూ దేనికదే ఉంటుంది కాబట్టి పాత ప్రాసెసర్ కూడా లాగేస్తుంది. 1080లో, 25 ఫ్రేములకైతే గంటకు దాదాపు 17 జీబీ తింటుంది, అంటే ఆరు గంటల పెళ్లికి వంద జీబీ పైమాటే, ముందే ఎస్‌ఎస్‌డీలో చోటు చూసుకో. రాత్రి పెట్టి పడుకో, కానీ స్లీప్ సెట్టింగ్ ఆపడం మర్చిపోకు, లేకపోతే పొద్దున లేచి చూస్తే మంగళస్నానాల దగ్గరే ఆగి ఉంటుంది. అయ్యాక ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లస్ గుర్తు నొక్కి ‘టాగుల్ ప్రాక్సీస్’ బటన్ కిందికి లాగు, అది నీలంగా ఉంటే ప్రాక్సీ ఆడుతున్నట్టు. ఎక్స్‌పోర్ట్‌లో ‘యూజ్ ప్రాక్సీస్’ టిక్ పెట్టకపోతే అసలు ఫైళ్లతోనే వస్తుంది, క్వాలిటీ గురించి టెన్షన్ వద్దు. కలర్ సరిచేసేటప్పుడు మాత్రం బటన్ ఆపి అసలు బొమ్మ మీదే చెయ్యి.

ఉత్త క్లిప్పు బాగానే ఆడి, లట్ (రంగులు మార్చే రెడీమేడ్ ఫైల్), నాయిస్ రిడక్షన్ (బొమ్మలో గరుకు తగ్గించే ఎఫెక్ట్) వేశాకే ఆగుతుంటే అది వేరే కథ. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్ దగ్గర ‘CUDA’ (పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించేది) ఎంచుకొని ఉందో లేదో చూడు, నాయిస్ రిడక్షన్ చివర్లో వేసుకో.

బారాత్‌లో చుట్టాలు ఫోన్‌తో తీసినవి కలుపుతావు కదా, వాటిలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. కాసేపటికి డప్పు దెబ్బ ఒక చోట, కర్ర కదిలేది ఒక చోట అవుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లోకి తీసుకో.

హార్డ్ డిస్క్‌ని అందరూ తిడతారు గానీ, 140 మెగాబిట్ల క్లిప్పు అంటే సెకనుకు 17.5 మెగాబైట్లే, యూఎస్‌బీ 3 డిస్క్ దాన్ని సులువుగా ఇస్తుంది. మూడు కెమెరాల మల్టీక్యామ్ అయితేనో, పాత యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చితేనో ఇబ్బంది. మీడియా క్యాష్ (ప్రీమియర్ తన కోసం రాసుకునే తాత్కాలిక ఫైళ్లు) మాత్రం ఎస్‌ఎస్‌డీకి మార్చు.

ఇంకొకటి, పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం ఆగుతుందా? మన దగ్గర మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు, పైన రేకులైతే లోపల చెప్పనక్కర్లేదు. ప్రాసెసర్ నూరు డిగ్రీల దగ్గరికి పోతే తనే స్పీడు తగ్గించుకుంటుంది. మా గదిలోని లాప్‌టాప్‌కి కింది మూత విప్పితే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము దూది పట్టీలా అతుక్కొని ఉంది, చిమటాతో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. అది తీసి థర్మల్ పేస్ట్ మార్చాక మధ్యాహ్నం కూడా పొద్దునలాగే నడుస్తుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు కూడా గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో పనిచేయదు, ఆ టైమ్‌లో ఆగిందని సెట్టింగులన్నీ కెలకకు.

వచ్చే పెళ్లికి ఎస్-లాగ్ (తర్వాత కలర్ చేసుకోవడానికి వెలిసినట్టు తీసే సోనీ ప్రొఫైల్) వాడకపోతే కెమెరాలో 4:2:0 8బిట్ పెట్టి తియ్యి, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే ఫుల్ వీడియోకి అది చాలు. డబ్బులు చేతికొచ్చి డెస్క్‌టాప్ కట్టిస్తే ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్ తీసుకోకు, షాపులో తక్కువకు వస్తుందని అదే అంటగడతారు. దాంట్లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, అంటే హెచ్.265 4:2:2ని విప్పే భాగమే ఉండదు.