పాత పీసీఐ కార్డు డ్రైవర్‌ని కొత్త కెర్నల్‌కి తేవడం: నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: యూనిట్‌లో టెస్టింగ్ మెషీన్‌కి పాత పీసీఐ కార్డు (మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టేది) ఉంది, దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము లినక్స్ 2.6.32 కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) కోసం రాసింది, కార్డు అమ్మినవాళ్లు ఇప్పుడు లేరు, సోర్స్ మాత్రం చేతిలో ఉంది. కొత్త లినక్స్‌లో కంపైల్ అయ్యేలా చేస్తే సరిపోతుందా అని.

సరిపోదండీ. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపు కోసం ఇదే పని ఆరేళ్లు చేశాను. స్ప్రింగుల్ని నొక్కి బలం కొలిచే మెషీన్ వాళ్లది.

కంపైల్ చేయించడం ఓపిక పని, అంతే. యూజర్ ప్రోగ్రాములు ఆగిపోయేలా కెర్నల్‌ని మార్చకూడదని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబడతాడు. కెర్నల్ లోపలి ఫంక్షన్లకు ఆ హామీ లేదు. వాటిని మార్చినవాళ్లు కెర్నల్ ట్రీలో, అంటే దాని అధికారిక సోర్స్‌లో, ఉన్న డ్రైవర్లన్నిటినీ తామే సరిచేస్తారు. మన డ్రైవర్ ట్రీ బయట ఉంది కాబట్టి మన తిప్పలు మనమే పడాలి. 2.6.36లో పాత ఐఓసీటీఎల్ (ioctl, అప్లికేషన్ డ్రైవర్‌కి ఆదేశాలిచ్చే దారి) పద్ధతి పోయింది, 4.15లో టైమర్ పెట్టే పద్ధతి మారింది, 5.6లో ప్రాక్ (/proc) ఫైళ్ల స్ట్రక్చర్ మారింది, 6.4లో క్లాస్ క్రియేట్ (class_create) ఫంక్షన్‌కి ఒక ఆర్గ్యుమెంట్ తగ్గింది. ఇవన్నీ ఎర్రర్ ఇచ్చి మరీ చెబుతాయి.

టెన్షనంతా ఎర్రర్ రాని చోటే. మా డ్రైవర్‌లో ఇంటరప్ట్ హ్యాండ్లర్ (కార్డు ‘నన్ను చూడు’ అని ఇంటరప్ట్ సిగ్నల్ పంపినప్పుడు నడిచే కోడ్) చివర, ఆ ఇంటరప్ట్‌ని క్లియర్ చేయడానికి కార్డు రిజిస్టర్‌లో (కార్డు మీది చిన్న మెమరీ గడిలో) 1 రాసి, వెంటనే అదే రిజిస్టర్‌ని చదివి ఒక వేరియబుల్‌లో పెట్టేవాళ్లు. ఆ వేరియబుల్‌ని తర్వాత ఎక్కడా వాడలేదు. కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది. పనికిరాని లైను అనుకుని తీసేశాను. పాత కంప్యూటర్‌లో రెండు వారాలు బాగానే నడిచింది. కొత్త మదర్‌బోర్డుకి మార్చాక గ్రాఫులో సన్నటి మెట్లు కనిపించాయి. ఒకే రీడింగు రెండుసార్లు పడుతోంది, అదీ ఎప్పుడో ఒకసారి. లోడ్ సెల్ (బలం కొలిచే సెన్సర్) వైర్లు మార్చాం, ఎర్తింగ్ చూశాం, నాలుగు రోజులు పోయాయి.

పీసీఐలో మనం రాసింది వెంటనే కార్డుకి చేరాలనేం లేదు, దారిలో బ్రిడ్జి (బస్సుల్ని కలిపే చిప్) దగ్గర ఆగొచ్చు. కార్డు నుంచి ఏదైనా చదివితే మాత్రం, అంతకుముందు రాసినవి కార్డుకి చేరాకే జవాబు వస్తుంది. ఆ చదవడం తీసేయడంతో, క్లియర్ కార్డుకి చేరకముందే హ్యాండ్లర్ ముగిసిపోయేది. ఇంటరప్ట్ లైను ఇంకా అలాగే ఉండటంతో కెర్నల్ హ్యాండ్లర్‌ని మళ్లీ పిలిచేది. మా హ్యాండ్లర్ స్టేటస్ చూడకుండానే అదే రీడింగుని మళ్లీ తీసుకునేది. ఆ లైను తిరిగి పెట్టి, ఎందుకుందో పైన కామెంట్ రాశాను. స్టేటస్ చెక్ కూడా చేర్చాను.

అందుకే చెబుతున్నా, పాత డ్రైవర్‌లో అర్థం కాని డిలే, రెండోసారి చదివే రిజిస్టర్, వింతగా కనిపించే వరస ఏది ఉన్నా, కారణం తెలిసేదాకా ముట్టుకోకండి. ఇండెంటేషన్ సర్దడం కూడా వద్దు. వచ్చిన సోర్స్‌ని వచ్చినట్టే గిట్‌లో పెట్టండి, ఒక్కో మార్పుకి ఒక్కో కమిట్ చేయండి, ప్రతిసారీ అసలు కార్డు మీద నడిపి చూడండి. అలాంటి కార్డు ఇంకొకటి దొరికితే ఇప్పుడే కొని దాచండి. 2019లో లినక్స్ ఫ్లాపీ డ్రైవర్‌ని ‘అనాథ’ అని గుర్తించాల్సి వచ్చింది కూడా, చూసుకునే మనిషి దగ్గర పనిచేసే ఫ్లాపీ హార్డ్‌వేర్ లేకపోవడం వల్లే. తర్వాత వేరేవాళ్లు ముందుకొచ్చారు కాబట్టి నిలబడింది.

32 బిట్ నుంచి 64 బిట్‌కి కూడా మారుతుంటే, ఐఓసీటీఎల్ స్ట్రక్చర్లలో ‘లాంగ్’, పాయింటర్లు ఎక్కడున్నాయో ముందే వెతకండి. పాత 32 బిట్ అప్లికేషన్ని అలాగే వాడితే వాటి సైజు కెర్నల్‌లో ఒకటి, అప్లికేషన్లో ఒకటి అవుతుంది.

కోడ్ తెరిచే ముందు ఇంకో పని. మీ కార్డు కొలతలు తీసుకునే రకం కాబట్టి కామెడీ (COMEDI) అనే డ్రైవర్ల కుటుంబంలో అది ఇప్పటికే ఉండొచ్చు. 2.6.29లో స్టేజింగ్‌లోకి (ఇంకా మెరుగుపడాల్సిన డ్రైవర్లుండే చోటుకి) వచ్చిన ఆ కోడ్ 2021లో 5.13తో కెర్నల్ ప్రధాన డ్రైవర్లలో చేరింది. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని -ఎన్ఎన్ ఆప్షన్‌తో (lspci -nn) నడిపితే బ్రాకెట్లలో వెండర్, డివైస్ నంబర్లు కనిపిస్తాయి. అవి ఇక్కడ పెట్టండి, కామెడీ సోర్స్‌లో ఉన్నాయేమో నేనూ వెతుకుతాను.